గేటు దాటిన సంచి

రండి, రండి. కుర్చీల కోసం కొట్లాట తర్వాత, ముందు కింద కూర్చోండి, ఎవరూ అరిగిపోరు. వెనక గుసగుసలాడేవాళ్లు నోళ్లకు ముడి వేసుకోండి. ఎవరి సెల్లయినా మోగిందా, తీసుకెళ్లి వడ్ల రాశిలో పాతేస్తాను, మళ్లీ యాసంగి పంటకు గానీ దొరకదు. ఇది మిర్యాలగూడ బుచ్చయ్య సంగతి. దగ్గుతూ చెప్పాల్సిన కథ, నేను నవ్వుతూ చెబుతాను, మీరు మధ్యలో అడ్డం రాకండి.

బద్రీనాథ్ సేటు రైసుమిల్లులో ముప్పై ఏళ్లుగా వడ్ల నాణ్యం చూసేందుకు సంచులు గుచ్చే పని బుచ్చయ్యది. మూరెడు ఇనుప గొట్టం, ఒక కొన సూదిలా ఉంటుంది, పైన గాడి. సంచిలో పొడిచి తిప్పి లాగితే గుప్పెడు గింజలు గాడిలో కూర్చుని బయటికి వస్తాయి. చీమ మోసుకుపోయే నూకను చూసి అది సన్నాలదో దొడ్డు రకానిదో నిలబడ్డ చోటునే చెప్పేవాడని, చీమ కూడా ఆగి తలూపేదని మిల్లులో అంటారు. చీమ సంగతి నేను చూడలేదు. బుచ్చయ్యను మాత్రం చూశాను.

ఆ సోమవారం త్రిపురారం నుంచి శంకరయ్య ట్రాక్టరు వచ్చింది. నలభై సంచులు. బుచ్చయ్య మొదటి సంచి మీద వేళ్ల కణుపులతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గాడు. నిండు గింజయితే దబ్ దబ్ మంటుంది. లోపల గింజ లేని తాలు ఎక్కువైతే డొల్లగా, పాత డబ్బా కొట్టినట్టు మోగుతుంది. తర్వాత గొట్టం గుచ్చాడు. గింజలు అరచేతిలో నలిపాడు, ఊక ఊదబోయాడు. ఊపిరి అందలేదు. ఊక కదలలేదు. దగ్గు వచ్చింది.

"ఊదు మామా, ఊకనన్న ఊదు," అన్నాడు శంకరయ్య నవ్వుతూ. "గిదేం గాలి?"

"గాలంత నీ వడ్లలనే ఉన్నది అల్లుడా, తాలు," అని బుచ్చయ్య తిప్పికొట్టాడు. ఒక గింజ పంటి కింద పెట్టాడు. కటుక్కుమనాల్సింది మెత్తగా నలిగింది.

గుప్పెట చాలలేదని సేటు ఇంకోసారి తీయమన్నాడు. బుచ్చయ్య అదే సంచిలో రెండో చిల్లు పెట్టాడు.

"ఇంకో చిల్లా మామా? జల్లెడ చేస్తవా ఏంది?"

"ఒక్క గుచ్చుకు ఏమైతది రా? నా చేతి గుచ్చు." గొట్టం పక్కతో గోనె పోగులను అటూ ఇటూ రుద్ది చిల్లు మూసి, సంచిని దొర్లించి చిల్లు పైకి వచ్చేలా పెట్టాడు. అది అతని పద్ధతి. చిల్లు పైనుంటే గింజ కిందికెట్లా కారుతుంది? "ముప్పై ఏండ్లాయె. బుచ్చయ్య గుచ్చిన సంచి కారిందని ఇప్పటిదాంక ఒక్కడన్న అన్నడా?"

శంకరయ్య సంచి వైపు చూశాడు, బుచ్చయ్య వైపు చూశాడు, మీసం దువ్వుకున్నాడు. తేమ ఎక్కువుంది, ఆరబెట్టి తెమ్మన్నాడు సేటు. ట్రాక్టరు నలభై సంచులతో వచ్చిన దారినే గేటు దాటింది.

కళ్లంలో గింజలు ఊడుస్తున్న దుర్గమ్మ చీపురు ఆపి మొగుడి వీపు చూసింది. దగ్గినప్పుడల్లా బనీను కింద ఎముకలు లేచి పడుతున్నాయి. పోయిన వారం ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. అదేమిటో తేల్చాలంటే సూది గుచ్చి ముక్క తీసి చూడాలన్నారు.

"రేపు సూర్యాపేటకు పొద్దుగాల్నే పోవాలె," అంది.

"నువ్వెందుకే పరేషాన్ అయితవ్? వాళ్లు చేసేది నా పనే గదా. సంచిలకెంచి గింజ తీసుడే."

*

సూర్యాపేట దవాఖానాలో నగేష్ అనే అతను కాగితం తెచ్చాడు. మెడలో కార్డు, చెవి మీద పెన్ను. కాగితం నాలుగు పేజీలు, చీమ తలకాయలంత అక్షరాలు.

"గీడ, గీడ, ఇంకోటి గీడ. సంతకం."

"గీ కాగితంల ఏమున్నది సారూ?"

"ఏముంటది పెద్దాయనా, అందరికి ఉండేదే. సన్న సూది. చీమ కుట్టినట్టు ఉంటది."

బుచ్చయ్య సంతకం చేశాడు. ముప్పై ఏళ్లలో తాను గుచ్చిన ఏ సంచినీ సంతకం అడగలేదు కాబట్టి, ఇదేదో తనకిచ్చిన మర్యాద అనుకున్నాడు.

సొరంగంలాంటి మిషనులో పడుకోబెట్టి కుడి చంక కింద మొద్దుబారే మందు ఇచ్చారు. ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు, మళ్లీ బిగబట్టమన్నారు. టక్ మంది. అంతే. ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరు చిన్న సీసాలోకి ఏదో వదిలాడు. బుచ్చయ్య మెడ తిప్పి చూశాడు. నూకలో సగం కూడా లేదు.

"గంతేనా సారూ? మా సేటయితే ఒప్పుకోడు," అన్నాడు. డాక్టరు నవ్వాడో లేదో గుడ్డ వల్ల తెలియలేదు.

నర్సమ్మ మంచం మీద కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "గుచ్చిన పక్క కిందికి ఉండాలె. మూడు గంటలు గిట్లనే. దగ్గొద్దు, లేవొద్దు, మాట్లాడొద్దు. ఇప్పుడొక ఎక్స్‌రే తీసినం, మూడు గంటలైనంక ఇంకోటి తీస్తం. అప్పుడే ఇంటికి." ఆ మాట చెబుతూనే వేరే మంచం దగ్గరికి పరుగెత్తింది. పాపం, పద్దెనిమిది మంచాలకు ఆమె ఒక్కతే. తిరిగి తిరిగి ఆమె చెప్పులు వెనక సగం అరిగిపోయి ఉన్నాయి.

బుచ్చయ్య కాసేపు చూశాడు. గుచ్చిన పక్క కిందికా? చిల్లు కిందికా? ఎవరయినా సంచిని అట్లా పెడతారా? మెల్లగా ఎడమ పక్కకు దొర్లాడు. చిల్లు పైకి వచ్చింది.

"ఓయ్, ఆ అమ్మ ఏమన్నది? నువ్వేం చేస్తున్నవ్?" అంది దుర్గమ్మ.

"సదువుకున్న పిల్ల, సంచుల సంగతి ఆమెకేం ఎరుక? చిల్లు కిందికుంటే కారదానే?"

దుర్గమ్మకూ అది సబబుగానే తోచింది. ఆమె కూడా ఆ మిల్లు మనిషే కదా. చిల్లు పైన చేయి వేసి, గోనె పోగులు సర్దినట్టు కట్టు మీద మెల్లగా రుద్దింది.

రెండు గంటలు కాకముందే నగేష్ వచ్చాడు. "పెద్దాయనా, లే లే, బెడ్ కావాలె. ఆక్సిడెంట్ కేసు వచ్చింది."

"ఇంకో ఎక్స్‌రే అన్నరు గదా బిడ్డా," అంది దుర్గమ్మ.

"ఆడ లైన్ ఉన్నదమ్మా, పొద్దుగూకుతది. మంచిగనే ఉన్నడు గదా? నొప్పున్నదా? లేదు గదా? ఇగ పోండ్రి. శుక్రవారం రిపోర్టుకు వచ్చినప్పుడు సూద్దాం." కాగితం మీద ఏదో టిక్కు పెట్టి చేతిలో పెట్టాడు.

మంచం కోసం బయట చక్రాల బండి మీద ఎవరో మూలుగుతున్నారు. ఆ మూలుగు విని బుచ్చయ్యే ముందు లేచాడు. లేపి పంపించడం అతనికీ తెలుసు. వెనక ట్రాక్టర్లు హారన్లు కొడుతుంటే ముందున్న బండిని ఎన్నిసార్లు గేటు దాటించలేదు?

*

కూతురు నవనీత కోదాడలో ఉంటుంది, అంగన్‌వాడీలో టీచరు. నాలుగు రోజులు తన దగ్గరే ఉండి పొమ్మంది. హైవే బస్సు ఎక్కారు. చివ్వెంల దాటేసరికి బుచ్చయ్య కుడి భుజం పట్టుకున్నాడు. మునగాల వచ్చేసరికి మాట రెండు ముక్కలైంది, ముందు సగం అని, ఊపిరి తీసుకుని, మిగతా సగం అంటున్నాడు.

"సీటు... గట్టిగుంది," అన్నాడు.

పక్కనున్నాయన చూసి, "గ్యాసండీ బాబాయ్. మా బావకీ ఇంతే. జీలకర్ర నమలండి," అన్నాడు. కోదాడలో దిగాక మందుల షాపతను కూడా గ్యాసే అన్నాడు, రెండు గోళీలు ఇచ్చాడు. నవనీత ఇంటి పక్కావిడ వాము నీళ్లు కాచి తెచ్చింది. ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడటం చాలా అరుదు. బుచ్చయ్యది గ్యాసని కోదాడ మొత్తం ఏకమైంది.

గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారించాడు. పడుకుంటే ఊపిరి ఆడలేదు. పొద్దున్నే నవనీత దవాఖానాకు ఫోను చేసింది. మూడుసార్లు మోగాక నగేష్ ఎత్తాడు.

"నిన్న మంచిగనే పోయిండు కదమ్మా. భయం ఉంటది. గ్యాస్ అయి ఉంటది. శుక్రవారం రాండ్రి."

"మా నాయిన మాట్లాడలేకపోతుండు సార్!"

"మాట్లాడొద్దనే చెప్పినం కదా." ఫోను పెట్టేశాడు.

దుర్గమ్మ అప్పటిదాకా మొగుడి వీపు నిమురుతూ ఉంది. నిమిరే చెయ్యి ఆగింది. ఎడమ పక్క లేస్తోంది, పడుతోంది. కుడి పక్క నిండా కుట్టిన సంచిలా బిగుసుకుని ఉంది, కదలడం లేదు. ఆమె ఏం ఆలోచించిందో ఆమెకే తెలియదు. వేళ్ల కణుపులతో ఎడమ పక్క కొట్టింది. దబ్. కుడి పక్క కొట్టింది.

డొల్ల.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే, పాత డబ్బా చప్పుడు.

"నవనీతా, ఆటో పిలువ్," అంది. గొంతు పెంచలేదు. "గ్యాస్ కాదు. ఈ పక్క మొత్తం తాలే ఉన్నది."

*

డాక్టర్ వాసవిది కోదాడ బస్టాండు దగ్గర చిన్న దవాఖానా. ముప్పై ఐదేళ్లుంటాయేమో. రాత్రి డ్యూటీ కూడా ఆమెదే అన్నట్టు కళ్ల కింద నలుపు, టేబులు మీద చల్లారిన టీ. బుచ్చయ్య వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎనభై నాలుగని చూసింది, స్టెతస్కోపు పెట్టింది. తర్వాత ఎడమ చేతి వేలు అతని ఛాతీ మీద ఆనించి, కుడి చేతి వేలితో దాని మీద టకటకా కొట్టింది.

బుచ్చయ్య, దుర్గమ్మ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీకు... గింజ సప్పుడు... ఎరుకనా మేడం?" అన్నాడు బుచ్చయ్య.

ఎక్స్‌రే పది నిమిషాల్లో వచ్చింది. వాసవి లైటుకు పెట్టి చూపించింది. ఎడమ పక్క ఊపిరితిత్తి నిండుగా ఉంది. కుడి పక్కన అంతా నల్లటి ఖాళీ, కింద మూలకు నలిగిన గుడ్డలా ఊపిరితిత్తి.

"సూది వేసిన చోట చిల్లు పూర్తిగా మూసుకోలేదండి. ఊపిరి పీల్చినప్పుడల్లా గాలి దాంట్లోంచి బయటికొచ్చి పక్కటెముకల కింద చేరింది, బయటికి పోయే దారి లేదు. ఊపిరితిత్తిని అణిచేసింది. ఇంకాస్త పెరిగితే గుండెను కూడా నొక్కుతుంది. ఇప్పుడే పక్కన చిన్న గాటు పెట్టి గొట్టం వేసి ఆ గాలి తీసేయాలి."

"మళ్ల గుచ్చుడా?" బుచ్చయ్య మంచం కడ్డీ పట్టుకున్నాడు. "వద్దు. ఒక్క గుచ్చుకే... గిట్లాయె. నన్ను... ఇంటికి తోలుండ్రి."

"నాయినా!" నవనీత ఏడ్చింది.

"వద్దంటే... వద్దు."

వాసవి గడియారం చూసింది. ఇలాంటివాళ్లను ఆమె చాలామందిని చూసి ఉంటుంది. అరిచి ఒప్పించే ఓపిక ఆమెలో ఎక్కడా మిగిలినట్టు లేదు. దుర్గమ్మ ముందుకొచ్చింది. మొగుడి కుడి చెయ్యి తీసుకుని అతని కణుపులతోనే అతని ఛాతీ మీద కొట్టించింది. ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క.

"నువ్వే చెప్పు. ఈ సంచిని నువ్వయితే గేటు దాటనిస్తవా?"

బుచ్చయ్య చెయ్యి ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయింది. దేవుడు చెప్పినా బేరమాడే మనిషి ఆ చప్పుడుతో మాత్రం ఎన్నడూ బేరమాడలేదు.

"తాలే," అన్నాడు. తర్వాత వాసవి వైపు తిరిగి, "కాగితం... ఉంటది గదా? సదువు. మొత్తం."

ఆమె ఒక చేత్తో నర్సుకు సైగలు చేస్తూనే చదివింది. రక్తం పోవచ్చు, చీము పట్టవచ్చు, గొట్టం ఇంకో చోట తగలవచ్చు, అరుదుగా ప్రాణానికే ప్రమాదం. ఒక్క ముక్క మింగలేదు.

"నిన్నటి కాగితంల... గిదంత ఉన్నదా?"

"ఉంటుంది. గాలి కొంచెం చేరడం చాలామందికి జరుగుతుంది, దానంతటదే పోతుంది. ఇంత ముదిరేది నూటికి ఏ ఒకరిద్దరికో."

"నేను పక్క మార్చిన మేడం." ఎవరూ అడగకముందే చెప్పేశాడు. "చిల్లు పైకి పెట్టి... పండుకున్న."

వాసవి తల అడ్డంగా ఊపింది. "కిందికి పెట్టి ఉంటే మీ బరువుకే చిల్లు నొక్కుకునేది. పొరపాటే. కానీ రెండో ఎక్స్‌రే తీసినప్పుడే ఇది కనపడాలి కదా?" దుర్గమ్మ ఇచ్చిన కాగితం తిరగేసింది. "రెండో ఎక్స్‌రే తీశాం, బాగుంది అని టిక్కుంది."

"తియ్యలే," అంది దుర్గమ్మ.

వాసవి ఆ టిక్కు మీద వేలు పెట్టి, తీసి, చేతికి గ్లవుజు తొడుక్కుంది.

గొట్టం దిగినప్పుడు బుస్సుమని చప్పుడైంది, ట్రాక్టరు టైరులోంచి పుల్ల తీసినట్టు. గొట్టం రెండో కొన మంచం కింద నీళ్ల సీసాలో ముంచారు. సీసాలో బుడగలు గలగలా లేచాయి. ఎనభై నాలుగు మెల్లగా తొంభై అయింది, తొంభై నాలుగయింది. బుచ్చయ్య అన్న మొదటి మాట, నిన్నటి నుంచి ముక్కలు కాకుండా వచ్చిన మొదటి మాట:

"ఆకలైతుందే."

*

శుక్రవారం నాటికి సీసాలో బుడగలు తగ్గాయి. దగ్గినప్పుడు మాత్రం నాలుగు లేస్తున్నాయి. పక్క మంచం చిలుకూరు పెంటయ్యది, కాలికి కట్టు. చేసే పనేమీ లేక మూడు రోజులుగా ఆ సీసానే టీవీలా చూస్తున్నాడు.

పదకొండింటికి నగేష్ ఫోను. నవనీత స్పీకరు పెట్టింది.

"పెద్దాయనా, రిపోర్టు వచ్చింది. ముక్క సరిపోలేదట. ఏం తేలలే. మళ్లొకసారి గుచ్చాలె."

"ఏం మనుషులయ్యా మీరు!" నవనీత అరిచింది. "గీడ మా నాయిన పానం మీదికొచ్చింది, తెల్సా? రెండో ఎక్స్‌రే తియ్యకుండ తీసినమని రాసిన్రు!"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, "పక్క మార్చొద్దని చెప్పినమమ్మా. మీరు వినకపోతే మేమేం చేస్తం?" అన్నాడు. ఆ సంగతి అతనికెలా తెలిసిందో. వాసవి ఫోను చేసి అడిగి ఉంటుంది, ఉన్నదున్నట్టు చెప్పి ఉంటుంది. అందులో అతను తనకు కావలసింది ఏరుకున్నాడు.

బుచ్చయ్య ఫోను తీసుకున్నాడు. "పెట్టేయ్ రా. నేను రాను. ఆ మచ్చ నాతోనే వచ్చింది, నాతోనే పోతది." కట్ చేసి గోడ వైపు తిరిగాడు. ముఖం బూడిదలా ఉంది. దుర్గమ్మ దుప్పటి అతని భుజం దాకా లాగింది. మూడు రోజులుగా ఒక స్టూలు మీద కూర్చుని ఉంది.

గంట తర్వాత మళ్లీ ఫోను. శంకరయ్య.

"మామా! మిల్లుకాడికి పోతే చెప్పిన్రు. ఏందే, ఈసారి నిన్ను గుచ్చిన్రంట గదా?"

"గుచ్చిన్రు అల్లుడా. చిల్లు పడి గాలి కారింది. నువ్వెందుకొచ్చినవ్ మిల్లుకు, ఆరినయా వడ్లు?"

"ఆరినయ్. సేటు తీసుకున్నడు. అర సంచి తక్కువనే అయింది."

"ఎందుకు?"

"ఎందుకేంది మామా." శంకరయ్య తేలిగ్గా నవ్వాడు. "నువ్వు గుచ్చిన సంచి కారింది. సోమవారం మీ గేటు కాడికెంచి మా ఊరు దాంక రోడ్డుమీద గీతే. పిట్టలు పండుగ చేసుకున్నయ్."

"నా గుచ్చా? నేను మూసిన, చిల్లు పైకి పెట్టిన."

"నువ్వు పైకే పెడ్తవ్ మామా. ట్రాక్టరు ఎక్కినంక, గుంతలల్ల ఎగిరినంక, ఏది పైకో ఏది కిందికో ఎవనికెరుక? ఎప్పటికీ కారుతయ్."

"ఎప్పటికీనా? మరి ఒక్కడన్న చెప్పలేదేంది రా, ముప్పై ఏండ్లల్ల?"

"గేటు దాటినంక కారితే నీకెట్ల చెప్తం? చెప్పనీకె వెనుకకొస్తమా? సర్లే, నువ్వు పానం మంచిగ సూసుకో. సంచులకేం, మస్తున్నయ్."

ఫోను పెట్టేశాక కూడా బుచ్చయ్య దాన్ని చెవి దగ్గరే పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల సంచులు ఒక్కొక్కటిగా గేటు దాటుతున్నాయి. ప్రతి దాని వెనకా ఒక సన్నటి గీత. త్రిపురారం దాకా, హాలియా దాకా, ఇంకా ఎక్కడెక్కడి దాకానో. తాను మాత్రం గేటు లోపల నిలబడి, ఒక్కటీ కారలేదు, ఒక్కటీ కారలేదు అని నవ్వుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. దగ్గాడు. సీసాలో నాలుగు బుడగలు.

"వానికి ఫోన్ కొట్టు," అన్నాడు నవనీతతో.

"ఎవనికి?"

"నగేషుకు."

నగేష్ ఎత్తాడు. తిట్లకు సిద్ధమయ్యే ఎత్తినట్టున్నాడు. "చెప్పు పెద్దాయనా."

"నీ దగ్గర ఏదన్న రాసుకునే బుక్కున్నదా?"

"ఎందుకు?"

"ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"రాసుకో. మిర్యాలగూడ బుచ్చయ్య. మంగళారం గుచ్చిన్రు. గేటు దాటినంక కారింది. పక్క నేనే మార్చిన, అదిగూడ రాయి. ఎక్స్‌రే మీరు తియ్యలే, అదిగూడ రాయి. రెండూ రాయాలె. ఒక్కటి రాస్తే ఒప్పుకోను."

అవతల ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. ఎవరో నగేష్‌ను బెడ్ గురించి పిలుస్తున్నారు. అతను పోలేదు.

"ఇప్పటిదాంక ఎవ్వరు ఇట్ల ఫోన్ చెయ్యలే పెద్దాయనా," అన్నాడు చివరికి. గొంతు వేరేగా ఉంది. "ఇంటికి పోయినంక ఎవరికి ఏమైతుందో మాకెట్ల తెలుస్తది?"

"నాకూ ఇయ్యాల్నే తెలిసింది బిడ్డా. అందుకే చెప్తున్న." బుచ్చయ్య ఊపిరి తీసుకున్నాడు. ఇప్పుడు రెండు పక్కలా అందింది. "ఈ గొట్టం తీసినంక, చిల్లు మానినంక, మేడం పొమ్మంటే వస్త. మళ్ల గుచ్చుండ్రి. కానీ ఆ కాగితం నువ్వే సదవాలె, నా ముంగట, పైకి, మొత్తం. ఎక్స్‌రే లైన్ల నా పక్కన నువ్వే నిలబడాలె. నేను చిల్లు కిందికే పెట్టి పండుకుంట."

"...సరే. రాస్తున్న."

పెన్ను కాగితం మీద గీసే చప్పుడు నిజంగా వినిపించిందని దుర్గమ్మ ఇప్పటికీ అంటుంది. ఫోనులో పెన్ను చప్పుడు వినిపిస్తుందా అని అడక్కండి. గింజ చప్పుడు వినేవాళ్లకు ఏదైనా వినిపిస్తుంది.

ఆమె స్టూలు మీద నుంచి లేచి మంచం అంచున కూర్చుంది. అతని ఛాతీ మీద రెండు వేళ్లు ఆనించి కుడి పక్క కొట్టింది. దబ్ అనలేదు ఇంకా. కానీ డొల్లగా కూడా లేదు. "సగం నిండింది," అంది. అక్కడే తల వాల్చి కళ్లు మూసుకుంది.

ఇదంతా మొదటి నుంచీ వింటున్న పెంటయ్య గొంతు సవరించుకున్నాడు. ఏదో పెద్దమాట అంటాడని నవనీత తిరిగి చూసింది. అతని చూపు మంచం కింది సీసా మీదే ఉంది.

"ఓ అన్నా," అన్నాడు, "ఆ సీసా మూడొద్దులాయె ఉత్తగనే బుడగలు కొడ్తుంది. మా మనుమరాలు చేపపిల్లను పెంచుతనని కొట్లాడుతుంది. దాంట్ల ఏస్తనా? నువ్వు జర దగ్గుకుంట ఉంటే చాలు, అది బతుకుతది."